తవ్వకంలో రాతి నేల బయటపడితే ఏం చేయాలి?

తవ్వకంలో దొరికిన రాతి నేల ఏదైనా సరే, పైన ఒక కథ, కింద ఒక కథ చెబుతుంది. దాని మీద దొరికే వస్తువులు ఆ నేలను చివరగా ఎవరు వాడారో, ఎప్పుడు వదిలేశారో చెబుతాయి. దాని కింద దొరికేవి అసలు ఎప్పుడు పరిచారో చెబుతాయి. ఈ రెంటి మధ్య ఒక్కోసారి వందల ఏళ్ల తేడా ఉంటుంది. వరంగల్ కోటనే తీసుకోండి. 1323లో కాకతీయుల పాలన ముగిశాక తుగ్లక్‌లు, ముసునూరి నాయకులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు ఒకరి వెనక ఒకరు వచ్చారు. అందరూ పాత రాళ్లనే వాడుకున్నారు. అలాంటి చోట నల్లరాతి బండలు కనిపించగానే "కాకతీయుల నేల" అని రాసేస్తే రిపోర్టు అక్కడే దారి తప్పుతుంది.

పురావస్తు తవ్వకంలో మొదటిసారి పనిచేస్తున్న విద్యార్థుల కోసం, వాలంటీర్ల కోసం ఇది రాస్తున్నాను. ఇది చదివి ఎవరూ సొంతంగా పార పట్టకూడదు. రక్షిత కట్టడాల దగ్గర 1958 నాటి కేంద్ర చట్టం, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం వర్తిస్తాయి. లైసెన్సు ఉన్న తవ్వకంలో, బాధ్యుడైన పురావస్తు అధికారి కింద మాత్రమే పనిచేయాలి. పొలం దున్నుతుంటేనో, పునాది తీస్తుంటేనో బండల వరస బయటపడితే పని ఆపి తహసీల్దారుకో, రాష్ట్ర వారసత్వ శాఖకో చెప్పండి. నాణేలో, నగలో దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

మొదటి పని: అది పరిచిన నేలేనా అని తేల్చుకోండి

మన దగ్గర ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఉత్తర తెలంగాణలో చాలాచోట్ల గ్రానైటే. ఎండకీ వానకీ అది పొరలు పొరలుగా విచ్చుకుని, పైభాగం బల్లపరుపుగా మిగులుతుంది. పరుపుబండ అని ఊళ్లో అందరికీ తెలిసిందే. వరంగల్ కోట లోపల ఏకశిల గుట్ట చుట్టూ నడిస్తే మట్టి కిందికి దూరిపోయే ఇలాంటి బండలు కనిపిస్తాయి. రెండు మీటర్ల ట్రెంచిలో, అంటే కొలత ప్రకారం తవ్వే గుంతలో, దాని ముక్క మాత్రమే బయటపడితే, పగుళ్లన్నీ అతుకుల్లాగే ఉంటాయి.

తేడా పట్టుకోవడానికి అతుకుల దగ్గర కూర్చుని చూడండి. సహజమైన పగులుకు రెండువైపులా రాతి గింజ, రంగు, చారలు ఒకటే. ఇవతలి చార అవతల కొనసాగుతుంది. పరిచిన బండల మధ్య అలా కొనసాగదు. పక్కపక్కనే గ్రానైటూ నల్లరాయీ ఉంటే సందేహమే లేదు, మనిషి చెయ్యి పడింది. అంచుల్లో ఉలి గాట్లు ఉన్నాయేమో, బండ కింద వేరే చోటు నుంచి తెచ్చిన ఇసుకో మొరమో ఉందేమో చూడండి. మీ దగ్గర కూలికి వచ్చినవాళ్లలో రాళ్లు కొట్టే వృత్తి తెలిసిన పెద్దమనిషి ఉంటే తప్పకుండా అడగండి. "ఏమన్నా, ఇది కొట్టి తెచ్చిన రాయేనా, ఈడ పుట్టిన బండనా?" అంటే, చాలాసార్లు పుస్తకం కంటే ముందు ఆయన చేతి వేళ్లే జవాబు చెబుతాయి. ఆయన అన్నమాటను ఆయన మాటల్లోనే నోట్‌బుక్కులో రాసుకోండి.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. కూలిన గోడ రాళ్లు కూడా నేలలాగే పరుచుకుని ఉంటాయి. కాకపోతే అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకే వైపుకు వాలి ఉంటాయి, మధ్యలో వదులు మట్టి ఉంటుంది. ఇవన్నీ తేలేదాకా నోట్‌బుక్కులో "నేల" అని రాయకండి. "బల్లపరుపు బండలు, కాంటెక్స్ట్ నంబర్ ఫలానా" అని మాత్రమే రాయండి. తవ్వకంలో విడిగా గుర్తించిన ప్రతి పొరకూ, గుంతకూ, కట్టడానికీ ఇచ్చే నంబరే కాంటెక్స్ట్ నంబర్.

రెండో పని: శుభ్రం చేయడం, కానీ అతుకుల జోలికి పోకుండా

బండల పైన మిగిలిన చివరి ఐదు సెంటీమీటర్ల మట్టి చాలా విలువైంది. దాన్ని గంపలకెత్తి పారబోయకండి. నేలను మీటరు గళ్లుగా విడదీసి, గడికో సంచి పెట్టి, మట్టిని విడివిడిగా జల్లెడ పట్టండి. కుండపెంకులు బండ మీద పడుకున్నట్టు చదునుగా ఉన్నాయా, నిలువుగా గుచ్చుకుని ఉన్నాయా అన్నది తీసేముందే రాసుకోండి. చదునుగా ఉన్నవి నేల వాడకంలో ఉన్నప్పుడో, వదిలేసిన కొత్తలోనో పడినవి కావచ్చు. నిలువుగా, అడ్డదిడ్డంగా ఉన్నవి సాధారణంగా తర్వాత కప్పిన మట్టితో వచ్చినవి.

ఇక అతుకుల సంగతి. ఫోటో అందంగా రావాలని మేకుతోనో కత్తితోనో సందుల్లో మట్టి గీకేయడం నేను చూసిన పనులన్నిటిలోకీ నష్టం తెచ్చేది. ఆ సందుల్లో ఉన్నది మామూలు దుమ్ము కాదు. మొదట పరిచినప్పటి సున్నమో బంకమట్టో అడుగున ఉంటుంది. దాని మీద వాడకంలో ఊడ్చి ఊడ్చి చేరిన నలక ఉంటుంది. అన్నిటి పైన ఒండ్రు. సందుకు వేరే కాంటెక్స్ట్ నంబర్ ఇచ్చి, నేలంతా నమోదయ్యాక, ఎంపిక చేసిన ఒకటి రెండు సందుల్లోనే పొరలు పొరలుగా తీయండి. మిగతావి అలాగే వదిలేయండి.

మెత్తటి బ్రష్, వెదురు పుల్ల, కొంచెం నీళ్లు చాలు. తీగల బ్రష్, యాసిడ్, పైపుతో నీళ్లు కొట్టడం వద్దు. రాతి మీద పాత సున్నపు పూత, మసి, ఎర్రరంగు జాడ ఉంటే ఒక్కసారి రుద్దితే పోతాయి.

నల్లరేగడి నేలల్లో ఇంకో జాగ్రత్త కావాలి. ఎండాకాలంలో నెర్రెలు లోతుగా విచ్చుకుంటాయి. నిన్నమొన్నటి గాజుపెంకు, రూపాయి బిళ్ల ఆ నెర్రెలోంచి జారి బండల మధ్యకు, ఒక్కోసారి బండ కిందికీ చేరుతుంది. ఎలుక బొరియలు, తుమ్మ వేళ్లు కూడా ఇదే పని చేస్తాయి. నెర్రెలు, బొరియలు, వేళ్లు ఎక్కడున్నాయో ప్లాను మీద గుర్తు పెట్టండి. తర్వాత కాలనిర్ణయం చేసేటప్పుడు ఏ వస్తువును నమ్మాలో, దేన్ని పక్కన పెట్టాలో అప్పుడే తెలుస్తుంది.

మూడో పని: ఫోటోలు

నేలంతా ఒకేసారి కనిపించే ఫోటోకు వెలుగు సమంగా ఉండాలి. పొద్దు పొడవకముందు వచ్చే వెలుగు చాలా బాగుంటుంది. ఎండెక్కాక తీయాల్సి వస్తే మొత్తం నేల మీద నీడ పడేలా గుడ్డ కట్టండి. సగం ఎండ, సగం నీడ ఉన్న ఫోటో దేనికీ పనికిరాదు. ఉలి గాట్లు, అరుగుదల గుంతలు, సన్నగా చెక్కిన గీతలు కావాలంటే మాత్రం ఏటవాలు ఎండ కావాలి. అందుకు పొద్దున తొలి గంట, సాయంత్రం చివరి గంట. రాత్రి టార్చిలైటు పక్క నుంచి వేసి తీసినా గీతలు బాగా తేలతాయి.

ప్రతి ఫోటోలో స్కేలు, ఉత్తర దిక్కు బాణం, స్థలం పేరు, ట్రెంచ్, కాంటెక్స్ట్ నంబర్, తేదీ ఉన్న పలక ఉండాలి. అవేవీ లేకుండా ఇంకోటి కూడా తీసిపెట్టుకోండి. మూడు కొలతల నమూనా చేయాలనుకుంటే మంచి ఫోన్ కెమెరా కూడా సరిపోతుంది. జూమ్ మార్చకుండా, ఒక ఫోటోకూ పక్క ఫోటోకూ 70 నుంచి 80 శాతం కలిసేలా తీయండి. నంబర్లున్న గుర్తులు నేల చుట్టూ పెట్టి వాటి స్థానం, ఎత్తు కొలవండి. రక్షిత కట్టడం దగ్గర డ్రోన్ ఎగరేయాలంటే వేరే అనుమతి ఉండాలి.

నాలుగో పని: గీయడం, మట్టం తీయడం

ఫోటోలు ఇన్ని ఉండగా చేత్తో గీయడం ఎందుకని కుర్రాళ్లు అడుగుతారు. గీసేటప్పుడు ప్రతి అతుకు దగ్గరా ఆగి, ఇది అంచా, పగులా, విరిగిన చోటా అని తేల్చుకోక తప్పదు. కెమెరా ఆ పని చేయదు. అందుకే రెండూ చేయండి.

మీటరు చదరపు చట్రానికి 20 సెంటీమీటర్లకో దారం కట్టండి. 1:20 స్కేలులో గీస్తే ఒక్కో గడి కాగితం మీద సరిగ్గా ఒక సెంటీమీటరు అవుతుంది. చట్రాన్ని రసమట్టంతో సమంగా పెట్టి, తూకపు గుండు వేలాడదీసి, నిట్టనిలువుగా పైనుంచి చూస్తూ గీయాలి. పక్క నుంచి చూసి గీస్తే బండ జరుగుతుంది. అంచుకు గట్టి గీత, పగులుకు సన్న గీత, సందేహం ఉన్నచోట చుక్కల గీత వాడండి. చుక్కల గీత ఎక్కువున్న ప్లాను చూస్తే నాకు గీసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

తర్వాత మట్టాలు. డంపీ లెవెల్ (ముక్కాలి మీద పెట్టి ఎత్తులు చూసే దుర్భిణి) ఉంటే లెక్క తేలిక. ఉదాహరణకు మీ బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) ఎత్తు 268.450 మీటర్లు, దాని మీద నిలబెట్టిన స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) రీడింగు 1.325 అనుకోండి. రెండూ కలిపితే పరికరం చూపు ఎత్తు 269.775. బండ మీద స్టాఫ్ పెడితే 1.840 వచ్చింది. తీసేస్తే ఆ బండ ఎత్తు 267.935. పెద్ద బండలకు నాలుగు మూలల్లో, మధ్యలో రీడింగులు తీయండి. చివరకు మళ్లీ బెంచ్‌మార్క్ మీద పెట్టి చూసి, రీడింగు మారలేదని నిర్ధారించుకోండి.

ఇంత ఓపిక ఎందుకంటే, నేల చెప్పే సంగతుల్లో సగం ఈ అంకెల్లోనే ఉంటాయి. ఐదు మీటర్లకు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఒకే వైపుకు వాలు కనిపిస్తే, అది నీళ్లు పోవడానికి ఉద్దేశించిన ఆరుబయలు నేల అయ్యే అవకాశం ఉంది. ఆ వాలు చివర తూము కోసం వెతకాలి. అలా కాకుండా మధ్యలో ఒకచోట బండలు కుంగి, చుట్టూ అన్నీ ఆ గుంత వైపే వాలి ఉంటే, అది కట్టినవాళ్లు పెట్టిన వాలు కాదు, తర్వాత పునాది కుంగడం వల్ల వచ్చింది. 1213 నాటి రామప్ప గుడిలో నడిచినవాళ్లకు నేల సమంగా లేదని కాళ్లకే తెలుస్తుంది. కాకతీయులు ఇసుక నింపిన పునాదుల మీద కట్టారు కాబట్టి మన ప్రాంతంలో కుంగుడును ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి.

ఐదో పని: బండల పట్టీ

ప్రతి బండకు ఒక నంబరు ఇవ్వండి. సుద్దతో రాయండి, పెయింటు వద్దు. పొడవు, వెడల్పు, కనిపించినంత మందం, రాతి రకం, ఉలి గాట్లు, అరుగుదల, పగుళ్లు, ఇతర గుర్తులు అన్నీ పట్టికలో చేరాలి. రాతి రకం దగ్గర "నల్లరాయి", "గ్రానైటు", "ఇసుకరాయి" అని రాసి, రంగూ గింజ పరిమాణమూ చేర్చండి. రామప్పలో గోడలకు ఎర్రటి ఇసుకరాయి, స్తంభాలకు, శిల్పాలకు నునుపైన నల్లరాయి వాడారు. ఏ రాయి ఎక్కడ వాడారన్నది కట్టినవాళ్ల ఆలోచన. ఆ పొందిక చెదిరినచోట మరమ్మతో, మళ్లీ వాడకమో ఉందని అనుమానించవచ్చు.

మళ్లీ వాడిన రాయిని పట్టుకోవడానికి నేను మొదట చూసేది ఇనుప బిగింపుల గుంతలను. పక్కపక్క రాళ్లను కలిపి పట్టడానికి ఇనుప ముక్కలు దించే గుంతలు చెక్కుతారు. ఒక బండ అంచున సగం గుంత ఉంటే, దాన్ని తాకే బండ అంచున మిగతా సగం ఉండాలి. జత లేదంటే ఆ రెంటిలో ఒకటి ఇంకెక్కడి నుంచో వచ్చి ఉండవచ్చు. అలాగే పువ్వుల పట్టీ మధ్యలో తెగిపోవడం, తలుపు కుదురు గుంత నేల నడుమ ఉండటం, శాసన అక్షరాలు తలకిందులుగా కనిపించడం. కోట నడుమ నాలుగు కీర్తితోరణాల మధ్య ఉన్న స్వయంభూ దేవాలయం కూలాక దాని రాళ్లు చెల్లాచెదురయ్యాయి. కాబట్టి చెక్కడం ఉన్న బండ దొరికినంత మాత్రాన ఆ నేల గుడి నేల అయిపోదు.

అరుగుదలను చేత్తో తడిమి చూడండి. గడప లోపలి వైపు, మెట్టు అంచున, జనం తిరిగే దారిలో నునుపు ఎక్కువ. స్తంభం నిలిచిన చోట మాత్రం నడక ఉండదు కాబట్టి చదరపు మచ్చలా గరుకుగా మిగులుతుంది. దాని చుట్టూ స్తంభం నిలపడానికి గీసుకున్న సన్న గీతలు కూడా దొరకవచ్చు. అలాంటి మచ్చలు సమాన దూరంలో వరుసగా ఉంటే మీ చేతిలో మండపం ప్లాను ఉన్నట్టే. రంగమండపం మధ్యలో గుండ్రటి నాట్యవేదిక ఉండటం వేయిస్తంభాల గుడిలో, రామప్పలో చూడవచ్చు. ఆ ఆకారం జాడ ఉందేమో చూసుకోండి. పులిమేక గడులు, వామనగుంటల వరసలు కనిపిస్తే గీసుకోండి. అవి ఎవరో తీరిగ్గా కూర్చున్న చోటు అని మాత్రమే చెబుతాయి. ఎప్పుడు కూర్చున్నారో చెప్పవు.

ఆరో పని: అంచుల దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి

నేల మధ్య భాగం ఫోటోకు బాగుంటుంది గానీ చరిత్ర అంచుల్లో ఉంటుంది. నేల గోడను కలిసే ప్రతి చోటా అడగాల్సింది ఒకటే. బండలు గోడకు ఆనుకుని ఆగాయా? గోడ కిందికి దూరాయా? గోడ పునాది కోసం బండలను తొలిచారా? మొదటిదైతే గోడ ముందు, నేల తర్వాత, లేదా రెండూ ఒకే పనిలో భాగం. రెండోదైతే నేల ముందు. మూడోదైతే కూడా నేలే ముందు, గోడ ఆ నేల వాడకంలో ఉండగానో వదిలేశాకో వచ్చింది. ఈ ఒక్క సంబంధం సరిగ్గా రాస్తే, మీ తర్వాత వచ్చినవాళ్లు మీతో విభేదించినా మీ నమోదును వాడుకోగలుగుతారు.

నేల హఠాత్తుగా ఆగిపోతే అక్కడ బండలు ఊడదీశారేమో చూడండి. రాయి పోయినా దాని కింది ఇసుకలో దాని అచ్చు మిగిలి ఉంటుంది. ఆ అచ్చులను కూడా ప్లానులో చుక్కల గీతతో చూపండి.

గుప్తనిధుల కోసం తవ్విన గుంతలు మన జిల్లాల్లో పాడుబడ్డ గుళ్లలో తరచూ ఎదురవుతాయి. చూస్తే కడుపు మండుతుంది. అయినా ఆ గుంతకూ ఒక కాంటెక్స్ట్ నంబర్ ఇవ్వండి, దాన్ని నింపిన మట్టికి ఇంకోటి. ముందుగా ఆ మట్టినే తీయండి, దానిలోని వస్తువులు నేల వస్తువులతో కలవకూడదు. తర్వాత ఆ గుంత గోడను తాపీతో నిట్టనిలువుగా చెక్కి చూడండి. బండ మందం, కింద పరుపు (బండ కింద పోసిన ఇసుకో మొరమో), దాని కింద పాత నేల, అన్నీ ఒక్క బండ కూడా కొత్తగా లేపకుండానే కనిపిస్తాయి. 1:10 స్కేలులో ఆ నిలువు కోతను, అంటే సెక్షన్‌ను, గీయండి.

ఏడో పని: కింద ఏముందో

బండ లేపడం ఆఖరి మార్గం. గుంతలో కనిపించింది చాలకపోతే, అనుమతి ఉంటే, ఇప్పటికే విరిగిన బండను ఎంచుకోండి. లేపేముందు దాని మీద ఉత్తర బాణం, నంబరు సుద్దతో వేయండి. తిప్పాక కింది ముఖాన్నీ ఫోటో తీయండి. చెక్కడాలు, అక్షరాలు అక్కడే దాక్కుని ఉంటాయి.

పరుపు మట్టిని కొంచెం కొంచెంగా తీసి సన్న జల్లెడ పట్టండి. బండ కింద భద్రంగా మూసి ఉన్న వస్తువుల్లో అన్నిటికంటే కొత్తది ఏదో అదే మీకు ఆధారం. ఆ నేల దాని కంటే ముందు పరిచి ఉండే వీల్లేదు. వంద శాతవాహన పెంకులు, ఒక్క బహమనీ నాణెం దొరికాయనుకోండి. నెర్రె, బొరియ దారిన నాణెం రాలేదని తేలితే నేల శాతవాహనులది కాదు, బహమనీల నాడో ఆ తర్వాతో పరిచినది. పెంకుల సంఖ్య ఎంత ఎక్కువైనా ఆ ఒక్క నాణెం మాటే చెల్లుతుంది. ధూళికట్ట, పెద్దబొంకూరు, కోటిలింగాల లాంటి పాత దిబ్బల చుట్టుపక్కల ఇది మరీ గుర్తుంచుకోవాలి. అక్కడ మట్టి తవ్వి ఎక్కడ పోసినా దానితో పాటే రెండు వేల ఏళ్ల నాటి పెంకులు వచ్చేస్తాయి.

కాలం తేల్చే కార్బన్ పరీక్షకు బొగ్గు కంటే కాలిన గింజలు మేలు. టేకు దూలం బొగ్గయితే ఆ చెట్టు పెరిగిన కాలాన్ని చెబుతుంది, కాలిన రోజును కాదు. ఇసుక చివరిసారి ఎప్పుడు వెలుగు చూసిందో చెప్పే కాంతి ఆధారిత పరీక్షకు పరుపు ఇసుకను పంపాలంటే దానికి వెలుగు తగలకూడదు. వెలుగు చొరని గొట్టాన్ని సెక్షన్‌లోకి అడ్డంగా దించి, రెండు చివర్లూ మూసి, నల్లటి సంచిలో చుట్టండి. ఈ పని నిపుణుల చేతే చేయించండి.

ఎనిమిదో పని: అర్థం చెప్పడం

నోట్‌బుక్కులో పేజీని రెండుగా చీల్చండి. ఎడమ వైపు చూసింది, కుడి వైపు అనుకున్నది. "17వ బండ పైన పెచ్చులు ఊడాయి, ఎర్రబారింది, సందులో బూడిద ఉంది" అన్నది ఎడమ వైపుకు. "ఇక్కడ గట్టి మంట మండింది" అన్నది కుడి వైపుకు. "1323 దాడిలో కాలింది" అన్నది, ఆ బూడిద కాలం తేలేదాకా, ఏ వైపుకూ కాదు. ఓరుగల్లు మట్టిలో బూడిద కనిపించగానే, ఆ దాడి నడిపిన తుగ్లక్ యువరాజు ఉలుగ్ ఖాన్ గుర్తుకు రావడం సహజం. కానీ ఏడు వందల ఏళ్లలో వంట పొయ్యిలు, పశువుల కొట్టాలు, కమ్మరి కొలుములు ఎన్ని మండాయో ఆలోచించండి. ఆ దాడి చాలా పెద్ద ఘటన కాబట్టే దాన్ని అంత తేలిగ్గా వాడకూడదని నా అభిప్రాయం.

తర్వాత జరిగిన పనులను క్రమంలో పేర్చండి. నేల అంటే ఒక్క రోజు పని కాదు. పాత చోటు చదును చేశారు, ఇసుక పోశారు, బండలు పరిచారు, వాడారు, రెండు బండలు విరిగితే వేరే రాయి వేశారు, వదిలేశారు, ఒండ్రు చేరింది, సగం బండలు ఎవరో పట్టుకుపోయారు, నిధుల గుంత తవ్వారు. ఒక్కో పనికి ఒక్కో కాంటెక్స్ట్ నంబర్ ఇచ్చి, కొత్తది పైన, పాతది కింద వచ్చేలా గీతలతో కలపండి. దీన్నే హారిస్ మ్యాట్రిక్స్ అంటారు. ఏదైనా నంబర్ ఎక్కడా ఇమడకపోతే బలవంతంగా ఇరికించకండి, ట్రెంచిలోకి దిగి మళ్లీ చూడండి.

ఆఖరున, ఆ చోటు ఏమిటన్నదానికి కనీసం మూడు జవాబులు రాయండి. మండపం, ప్రాకారంలో ఆరుబయలు, వీధి, కోనేటి గట్టు, కళ్లం. ఒక్కోదానికి అనుకూలంగా ఏముంది, వ్యతిరేకంగా ఏముంది అని మీ పట్టీలోంచే చూపండి. వాలు, తూము ఉండి స్తంభం మచ్చలు లేకపోతే మండపం జాబితాలో కిందికి పోతుంది. సిమెంటు అతుకు కనిపిస్తే ఆ భాగం ఈమధ్య మరమ్మతు అని వేరుగా గుర్తించండి.

కప్పిపెట్టడం, దాచిపెట్టడం

తెరిచి వదిలేసిన నేల ఒక్క వానాకాలానికే పాడవుతుంది. సందుల్లో నీరు దిగి పరుపు ఇసుక కొట్టుకుపోతుంది, బండలు ఊగుతాయి, గడ్డి మొలుస్తుంది. ప్రదర్శనకు ఉంచాలని నిర్ణయం లేకపోతే నీరు ఇంకే గుడ్డ పరిచి, దాని మీద జల్లెడ పట్టిన ఇసుక, ఆపైన తీసిన మట్టి వేసి కప్పేయండి. మామూలు ప్లాస్టిక్ పట్టా వద్దు, కింద తేమ నిలుస్తుంది. మళ్లీ ఎవరైనా తవ్వితే ఎక్కడిదాకా తవ్వారో తెలిసేలా ఆ గుడ్డ మీద ఈ ఏడాది ముద్ర ఉన్న నాణెం ఒకటి వేయండి.

ప్లాన్లు, సెక్షన్లు, బండల పట్టీ, మట్టాల పుస్తకం, ఫోటోల జాబితా అన్నిటి మీదా ఒకే స్థలం కోడ్, ట్రెంచ్, కాంటెక్స్ట్ నంబర్లు ఉన్నాయో లేదో సరిచూడండి. కాగితాలను స్కాన్ చేసి రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో పెట్టండి, ఒకటి శిబిరం బయట ఉండాలి. అసలు కాగితాలు, మట్టి నమూనాలు, పెంకుల సంచులు తవ్వకం బాధ్యుడికి జాబితాతో సహా అప్పగించి, ఆ జాబితా మీద సంతకం తీసుకోండి.